రెండవ డ్రైవరు బత్తా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము బడిలో ఉర్దూలో పాఠం చెప్పుకునేవాళ్ళం. తెలుగులో ఉపన్యాసమంటే కొంచెం జంకు. పైగా మాకు 'నేను' అనటం అలవాటు లేదు. ఉర్దూలో 'హమ్' అని అని, తెలుగులోనూ 'మేము' అనే వస్తుంది. ఇది గొప్పకు కాదు, నాలుక అలవాటు. మన్నించగలరు.

విషయం చిన్నది. సంఘం జమాఖర్చుల పట్టీ మీ చేతుల్లో ఉంది. ఖర్చుల వైపు పదకొండవ పద్దు చూడండి. 'ర్యాలీ బస్సు - రెండవ డ్రైవరు బత్తా, భోజనం - రూ. 1,800' అని ఉంది. ఈ పద్దుమీద మన సభ్యులు ముగ్గురు ప్రశ్న వేశారు. బస్సు ఒకటి, స్టీరింగు ఒకటి, డ్రైవర్లు ఇద్దరెందుకు? వితంతువుల సహాయానికే డబ్బు చాలని సంవత్సరంలో ఇలాంటి ఖర్చు తగునా? ప్రశ్న న్యాయమైనదే. కార్యదర్శిగారు నవ్వి, దీనికి జవాబు మాస్టరుగారు చెప్పాలన్నారు. ఎందుకంటే ఆ బత్తా వద్దని మొట్టమొదట గొడవ పెట్టినది మేమే.

కనుక ఈ ఉపన్యాసం సగం జవాబు, సగం తప్పు ఒప్పుకోలు.

మన పేటలో స్టీరింగు పట్టని ఇల్లు వెతికితే దొరకటం కష్టం. మిర్చి యార్డు లారీలు, స్కూలు ఆటోలు, ట్రావెల్స్ బస్సులు, ఆర్టీసీ, గల్ఫు వెళ్ళి ట్రెయిలర్లు నడిపేవాళ్ళు. ఒక మాట గమనించారా? మా బడిలో పిల్లలు మమ్మల్ని 'ఉస్తాద్' అంటారు. లారీమీద క్లీనర్ కుర్రవాడు డ్రైవరును 'ఉస్తాద్' అంటాడు. ఆర్మీ సెంటర్లలో రిక్రూట్లు తమకు డ్రిల్లు నేర్పే వారిని కూడా 'ఉస్తాద్' అనే పిలుస్తారట. మూడు చోట్లా పిలుపు ఒకటే. కాని ఇన్నేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో మేము ఏనాడూ లారీ డ్రైవరును మాతో సమానమైన ఉస్తాద్‌గా తలచలేదు. 'చదువుకోకపోతే లారీ తోలుకుంటావు' అని ఎంతమంది పిల్లలను తిట్టామో లెక్కలేదు. తిట్లు తిన్నవాళ్ళలో కొందరు ఈ సభలోనే ఉన్నారు.

ఇక బస్సు సంగతి. మన పిల్లలకు, పక్క పేటల హిందూ పిల్లలకు, అందరికీ కలిపి 38 మందికి ఆర్మీ ర్యాలీ కాల్ లెటర్లు ఒకే తేదీకి వచ్చాయి. ఇప్పుడు ముందు కంప్యూటరు పరీక్ష రాయాలి, అది దాటినవాళ్ళకే పరుగు. ర్యాలీ కడప వైపు పడింది. తెల్లవారుజామున అయిదింటికల్లా మైదానం గేటు దగ్గర వరుసలో నిలబడాలి. రాత్రంతా ప్రయాణం. ముందు రోజే పోయి లాడ్జిలో దిగే స్తోమతు వాళ్ళకు లేదు, సంఘానికీ లేదు. కనుక బస్సు మాట్లాడాం. డ్రైవరుగా మన వీధి హవల్దార్ సాబును అడిగాం. ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, బండ్లు నడిపి రిటైరై వచ్చినవారు. ఇప్పుడు పెళ్ళి బస్సులు నడుపుతారు. ఆర్మీకి పోయే పిల్లలను ఆర్మీ మనిషే తీసుకుపోవటం శోభగా ఉంటుందని మా ఆలోచన.

ఆయన ఒక్క షరతు పెట్టారు. 'ఇంకో డ్రైవరు కావాలి మాస్టర్ సాబ్. సగం దారి అతను, సగం దారి నేను.'

'అంత దూరమా హవల్దార్ సాబ్? మీరు హిమాలయాల్లో నడిపినవారు కదా' అన్నాం, పొగిడినట్టుగా.

'హిమాలయాల్లో నడిపాను కాబట్టే అడుగుతున్నాను' అన్నారు.

మేము లెక్కల మనిషిలాగా వాదించాం. పక్క వీధి ట్రావెల్స్ వాళ్ళు ఒక్క డ్రైవరుతోనే హైదరాబాదు పోయి వస్తున్నారన్నాం. బిడ్డల పుణ్యకార్యం, ఒక రాత్రి ఓర్చుకోలేరా అన్నాం. ఆయన ఓపికగా అంతా విని, 'అయితే వాళ్ళనే మాట్లాడుకోండి, నాకు కోపం లేదు' అని టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయారు. ఆ రాత్రి మాకు చాలా కష్టమనిపించింది. చాదస్తం అనుకున్నాం. పైసలకోసం చుట్టాన్ని ఎవరినో ఇరికిస్తున్నాడేమోనని కూడా అనుకున్నాం. ఈ మాట ఆయనకు ఇంతవరకు తెలియదు. ఈ సంచిక అచ్చయితే తెలుస్తుంది.

మరునాడు కార్యదర్శిగారి మాటమీద మళ్ళీ వెళ్ళాం. అప్పుడాయన తన సంగతి చెప్పారు. అది మీకు చెప్పాలి, ఎందుకంటే పదకొండవ పద్దు అక్కడినుంచే పుట్టింది.

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన రేకు పెట్టె ఒకటి పట్టుకుని సికిందరాబాదు స్టేషనులో దిగారు. అంతకు ముందు రాత్రి రైల్లో కూర్చోవటానికి చోటు లేక నిలబడే వచ్చారు. స్టేషను బయట ఆర్మీ లారీ ఉంది. ఒక నాయక్ జాబితా చూసి పేర్లు చదివాడు, పిల్లలు ఎక్కారు. గోల్కొండ దగ్గర 1962లో ఏర్పడిన ఆర్టిలరీ సెంటరు ఉంది కదా, అక్కడికి తీసుకుపోతున్నారు. దూరం ఎక్కువేం కాదు, ఊరిలోనే. 'ఆ లారీలో కొంతమంది పాడుతున్నారు, కొంతమంది ఏడుస్తున్నారు. నేను రెండూ చేశాను' అన్నారు హవల్దార్ సాబ్. నడిపినది ఎవరో ఆయనకు తెలియదు. దిగిన తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు. చూడనిస్తే కదా, దిగిన నిమిషంనుంచీ పరుగులే.

ఆయన డ్రైవరు ట్రేడు నేర్చుకుని, యూనిట్లలో తిరిగి, కొండల్లో నడిపి, చాలా ఏళ్ళకు మళ్ళీ అదే సెంటరుకు బదిలీ మీద వచ్చారు. ఇచ్చిన మొదటి డ్యూటీలలో ఒకటి స్టేషనుకు పోయి కొత్త పిల్లలను తీసుకురావటం. ఫిరంగులు లాగిన మనిషికి ఇది తేలిక పని అనిపించిందట. పై అధికారి ఆయన ముఖం చూసి కనిపెట్టి, ఇవి ఫిరంగులకంటే బరువు అన్నాడట.

'మాస్టర్ సాబ్, లోడు లారీలో గట్టిగా బ్రేకు కొడితే బస్తా కదులుతుంది, అరవదు. వెనక ఇరవైమంది పిల్లలు రెండు బెంచీలమీద ఎదురెదురుగా కూర్చుని, కాళ్ళ మధ్య పెట్టెలు పెట్టుకుని ఉంటారు. గట్టిగా బ్రేకు కొడితే ఒకరిమీద ఒకరు పడతారు. పెట్టె మూల తగిలి పన్ను ఊడుతుంది, మోకాలు పగులుతుంది. మోకాలు పగిలినవాడిని మెడికల్‌లో తిప్పి ఇంటికి పంపిస్తే? వాడు రెండేళ్ళు చీకట్లో లేచి పరుగెత్తి సంపాదించుకున్న నౌకరీ, నా కాలి కింద పోతుంది.'

మేము ఇంతవరకు రిక్రూటు అంటే సైనికుడు అనుకునేవాళ్ళం. ఆయన లెక్కలో రిక్రూటు అంటే ఇంకా సైనికుడు కాడు. ఇంటినుంచి బయలుదేరాడు, సెంటరుకు ఇంకా చేరలేదు. తల్లిదండ్రుల చేతుల్లో లేడు, రెజిమెంటు చేతుల్లో ఇంకా పడలేదు. ఆ మధ్యలో ఉన్న కొద్ది గంటలు డ్రైవరు చేతుల్లో ఉన్నాడు.

ఆర్మీలో బండి బయలుదేరే ముందు ఏమి చేస్తారో కూడా చెప్పారు. ఉదయం ఇంజను ఆన్ చేసే ముందు ఒక చూపు, దారిలో ఆగిన చోట ఒక చూపు, రాత్రి బండి నిలిపిన తర్వాత ఒక చూపు. నూనె, నీళ్ళు, బెల్టు, వీల్ నట్లు, కమాన్ కట్టలు, బ్రేకు గాలి. ప్రతి బండికీ ఒక డైరీ ఉంటుంది. ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎవరి పనిమీద, అన్నీ రాసి సంతకం పెట్టాలి. డ్రైవరు పక్కన ఒక బాధ్యుడు కూర్చుంటాడు. వాడు నిద్రపోవటానికి కాదు, డ్రైవరు నిద్రపోకుండా చూడటానికి. వెనక డాలా గొళ్ళాలు రెండూ పడ్డాయో లేదో చేతితో తట్టి చూస్తేగాని బండి కదలకూడదు. కొండదారిలో బండ్లు వరుసగా పోయేటప్పుడు మొదటి బండి వేగం నిర్ణయిస్తుంది, చివర మరమ్మతు బండి వస్తుంది, మధ్యలో ఎవడూ ఎవడినీ దాటడానికి వీల్లేదు. గంటకొకసారో రెండు గంటలకొకసారో ఆగి టైర్లు తట్టి చూసుకోవాలి. ఘాట్ ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. ఇవన్నీ మన లారీ ఉస్తాదులకు తెలియని విద్యలు కావు. తేడా ఒక్కటే. అక్కడ ఇవి చేయకపోతే అడిగేవాడున్నాడు. ఇక్కడ ఇవి చేస్తే ఆలస్యమైందని తిట్టేవాడున్నాడు.

అంత కట్టుదిట్టం ఉన్నా కొండలు కొండలే. 2022 డిసెంబరు 23న ఉత్తర సిక్కింలో జెమా అనే చోట ఒక మలుపులో ఆర్మీ లారీ లోయలోకి జారిపోయి 16 మంది సైనికులు చనిపోయారు. ఆ రోజు అక్కడ యుద్ధం లేదు, తుపాకి పేలలేదు. మామూలు ప్రయాణం, మూడు బండ్ల వరుసలో ఒక బండి, ఒక మలుపు. హవల్దార్ సాబ్ ఆ వార్త పత్రికలో చదివి రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వారి ఇంట్లోవాళ్ళు మా ఇంట్లో చెప్పారు.

పాత చరిత్ర ఒకటి, రెండు చెప్పనివ్వండి. పంతుళ్ళం కదా, చరిత్ర చెప్పకపోతే ఊపిరాడదు.

1914 సెప్టెంబరు మొదటి వారంలో జర్మను సైన్యం పారిస్ దగ్గరకు వచ్చింది. సైనికులను మార్న్ నది వైపు పంపటానికి రైళ్ళు చాలలేదు. పారిస్ సైనిక గవర్నరు జనరల్ గలియెనీ ఊళ్ళో టాక్సీలను పట్టించాడు. సుమారు 600 టాక్సీలు ఇన్వాలిడ్స్ మైదానంలో చేరాయి. ఒక్కొక్క బండిలో అయిదుగురేసి సైనికులు. 6, 7 తేదీల మధ్య రాత్రి ముందు దీపాలు ఆర్పుకుని, ముందున్న బండి వెనక దీపం చూసుకుంటూ నడిపారు. ఇందులో మన డ్రైవరు సోదరులకు నచ్చే విషయం ఒకటుంది. అంత యుద్ధంలోనూ మీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఫ్రెంచి ప్రభుత్వం మీటరు మీద 27 శాతం లెక్కన మొత్తం 70,012 ఫ్రాంకులు చెల్లించింది. ఆ టాక్సీలు మోసుకుపోయిన సైనికుల సంఖ్య మొత్తం యుద్ధంలో చాలా చిన్నదే అని చరిత్రకారులు అంటారు. అయినా ఆ టాక్సీలలో ఒకదానిని పారిస్ సైనిక మ్యూజియంలో నిలబెట్టారు. బండి ఉంది. దానిని ఆ రాత్రి నడిపిన చేతులు ఎవరివో బడి పుస్తకాలలో కనపడవు.

మన దేశంలో 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో డకోటా విమానాలలో మొదటి సిక్కు రెజిమెంటు బెటాలియను దిగింది. విమానాలు సైనికులను తెచ్చాయిగాని వాళ్ళకు కావలసిన లారీలను తేలేవు. అక్కడినుంచి బారాముల్లా దారిలో ముందుకు పోవటానికి ఊరి బస్సులు, లారీలు కావలసివచ్చాయి. కాశ్మీరీ డ్రైవర్లు నడిపారు. ఎదురుగా ఏమున్నదో తెలియని దారి అది. సైనికుడి చేతిలో రైఫిలైనా ఉంది, డ్రైవరు చేతిలో స్టీరింగు తప్ప ఏముంది?

సరే, మళ్ళీ మన బస్సుకు వద్దాం. ఆ డ్రైవర్లందరూ ఎన్నికైన సైనికులను, ఎన్నికైన రిక్రూట్లను చేర్చినవారు. మన 38 మంది ఇంకా ఎన్నిక కాలేదు. ఎన్నికైతే రైలు టిక్కెట్టుంటుంది, స్టేషనులో లారీ ఉంటుంది, జాబితా ఉంటుంది, లెక్క చూసే నాయక్ ఉంటాడు. ఎన్నిక కాకముందు ఆ పిల్లవాడు ఎలా పోయాడు, ఎలా వచ్చాడు అని చూసేవాడు ఎవడూ లేడు. ర్యాలీల రోజుల్లో రైళ్ళ తలుపుల దగ్గర వేలాడుతూ, లారీల మీద బస్తాలమీద కూర్చుని పోయే పిల్లలను మనం చూడలేదా? 2011 ఫిబ్రవరి 1న ఉత్తరప్రదేశ్‌లో బరేలీలో ఐ.టి.బి.పి. రిక్రూట్‌మెంటుకు లక్షకు పైగా కుర్రవాళ్ళు వచ్చారు. ఉన్న ఉద్యోగాలు 416. తిరుగు ప్రయాణంలో రైలు డబ్బాలలో చోటు లేక పైకప్పు ఎక్కారు. షాజహాన్‌పూర్ దగ్గర పాదచారుల వంతెన తగిలి పదిహేను మందికి పైగా చనిపోయారు. వాళ్ళందరూ దేహదారుఢ్యం ఉన్న పిల్లలే, పరుగు పెట్టి వస్తున్నవాళ్ళే.

ఈ వార్త హవల్దార్ సాబ్ గుర్తు చేసినప్పుడు మా నోట మాట రాలేదు. 'ఆర్మీ లారీలో కూర్చునే అదృష్టం ఈ 38 మందిలో ఎందరికి వస్తుందో అల్లాకే తెలుసు. కాని ఈ ఒక్క రాత్రికి వీళ్ళందరూ నాకు రిక్రూట్లే. నా పద్ధతిలో తీసుకుపోనిస్తే తీసుకుపోతాను' అన్నారు.

ఆయన పద్ధతి ఏమిటంటే, రాత్రి పన్నెండుకు ముందు ఒక డ్రైవరు, తర్వాత ఇంకొకరు. కష్టమైన సగం తనది. దానికోసం ఆ రోజు మధ్యాహ్నం తాను నిద్రపోవాలి, బస్సు బయలుదేరిన తర్వాత మొదటి సగమూ నిద్రపోవాలి. చట్టం కూడా ఇదే చెప్పిందని తర్వాత చదివి తెలుసుకున్నాం. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటల పని, వరుసగా 5 గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని రాసి పెట్టారు. ఎప్పటి మాట అది! అరవై ఏళ్ళు దాటింది. రాత్రి పూట రోడ్డుమీద పోయే బండ్లను చూస్తే ఆ కాగితం ఎవరైనా చదివారా అని అనుమానం వస్తుంది. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఈ సంఖ్య మా పదవ తరగతి పిల్లలకు చెప్పి రాయమంటే, తప్పు రాశారేమో సార్ అని అడిగారు.

ఇక రెండవ డ్రైవరు ఎవరు? ఈ బత్తా ఎవరి చేతికి పోయింది? అది కూడా సభ తెలుసుకోవాలి. మా బడిలోనే చదివి, ఏడవ తరగతి మధ్యలో మానేసినవాడు. మానేసిన రోజున వాళ్ళ నాన్నతో మేము చాలా కఠినంగా మాట్లాడాం. అప్పట్లో లారీ, బస్సు లైసెన్సుకు ఎనిమిదవ తరగతి పాసై ఉండాలని నియమం ఉండేది. అందుకని వాడు ఏళ్ళ తరబడి క్లీనరుగానే ఉండిపోయాడు. ఒకసారి మా దగ్గరికి వచ్చి ఎనిమిదవ తరగతి సర్టిఫికెట్టు ఇప్పించమని బతిమాలాడు. మేము ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. 2019లో ప్రభుత్వం ఆ నియమం తీసివేసింది. పంతుళ్ళుగా మాకు అది నచ్చలేదు. రోడ్డు బోర్డు చదవలేనివాడికి బస్సు ఎలా ఇస్తారని స్టాఫ్ రూములో గట్టిగా అన్నాం. కాని అదే నియమం పోవటంవల్ల వాడు పరీక్ష ఇచ్చి లైసెన్సు తీసుకున్నాడు. హవల్దార్ సాబు దగ్గర రెండేళ్ళు పక్క సీటులో కూర్చుని పని నేర్చాడు. ఆయన వాడికి బండి కంటే ముందు డైరీ రాయటం నేర్పారు. ఉర్దూలో రాస్తాడు. అక్షరాలు మేము నేర్పినవే, కొంచెం వంకరగా ఉన్నాయి. నియమం మంచిదా చెడ్డదా అని ఇప్పుడు అడిగితే మేము వెంటనే చెప్పలేం.

ఆ రాత్రి మేమూ బస్సులో వెళ్ళాం, పిల్లల కాగితాలు చూసుకునే పనిమీద. సాయంత్రం ఏడింటికి బయలుదేరాం. కుర్రవాడు స్టీరింగు మీద ఉన్నాడు, హవల్దార్ సాబ్ వెనక పొడుగు సీటుమీద దుప్పటి ముసుగు పెట్టారు. నరసరావుపేట దాటేసరికి గురక. పిల్లలు పాటలు పెట్టుకున్నారు, మేము ఒకసారి కసిరాం. వినుకొండలో భోజనానికి ఆగినప్పుడు కుర్రవాడు అన్నం తినేముందు ఇనుప రాడ్డు తీసుకుని టైర్లన్నీ కొట్టి చూశాడు. మేము టైరు చప్పుడులో తేడా తెలుస్తుందా అని అడిగితే సిగ్గుపడి, 'మీరు స్కేలుతో బల్లమీద కొట్టినప్పుడు మాకు తెలిసేది కదా సార్' అన్నాడు.

మార్కాపురం దాటాక పిల్లలు ఒక్కొక్కరే నిద్రపోయారు. గిద్దలూరులో పన్నెండుకు కొంచెం ముందు బస్సు ఆపి డ్రైవర్లు మారారు. హవల్దార్ సాబ్ ముఖం కడుక్కుని, బస్సు చుట్టూ ఒకసారి నడిచి, తలలు లెక్కపెట్టారు. 38 పిల్లలు, మేము, కుర్రవాడు. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టారు. అప్పుడుగాని తలుపు వేయలేదు.

మాకు బస్సులో నిద్ర పట్టదు. ముందు సీటులో కూర్చుని చూస్తున్నాం. రెండు దాటింది. పోరుమామిళ్ళ అవతల, రోడ్డుకు రెండు పక్కలా చెట్లు, మనిషి అలికిడి లేదు. హవల్దార్ సాబ్ ఉన్నట్టుండి యాక్సిలరేటరు మీద కాలు తీశారు. ఎందుకో మాకు అర్థం కాలేదు, ఎదురుగా చీకటే. గేరు తగ్గింది, ఇంకా తగ్గింది. అప్పుడు కనపడింది. వరిగడ్డి ట్రాక్టరు, ట్రాలీ యాక్సిలు విరిగి సగం రోడ్డుమీద ఒరిగి నిలబడి ఉంది. వెనక దీపం లేదు, ఎర్ర అద్దం లేదు, అడ్డంగా రాళ్ళు కూడా పెట్టలేదు. మనిషి లేడు. బస్సు దానిని ఆనుకున్నంత దగ్గరగా, నడిచే వేగంతో పక్కనుంచి పోయింది. కొంచెం ముందుకు పోయి ఆపారు. కుర్రవాడిని లేపి, ఇద్దరూ వెనక్కి నడిచి వెళ్ళి, చెట్టు కొమ్మలు విరిచి ట్రాలీ వెనక రోడ్డుమీద పరిచి వచ్చారు. పది నిమిషాలు పట్టింది. మళ్ళీ బయలుదేరాం.

ఒక్క పిల్లవాడు కూడా లేవలేదు.

'ఎలా కనిపెట్టారు?' అని అడిగాం.

'గడ్డి పోచలు. రోడ్డుమీద గడ్డి పోచలు పడి ఉన్నాయి, అప్పటికి రెండు ఫర్లాంగులనుంచి. నిద్ర ముఖంతో ఉంటే అవి కనపడవు మాస్టర్ సాబ్' అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

సోదరులారా, ఆ ట్రాక్టరు సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. ఏమీ జరగలేదు కదా, ఏమని రాస్తారు? 38 మంది తల్లులలో ఒక్కరికీ తెలియదు. ఈ రోజు ఈ సభలో చెప్పేవరకు పిల్లలకూ తెలియదు. చూడండి, వెనక బెంచీల్లో ముఖాలు ఎలా అయిపోయాయో. ఆ బస్సును రాత్రి ఏడునుంచీ ఒక్క మనిషే నడిపి ఉంటే, ఏడో గంట నిద్రమత్తులో గడ్డి పోచలు చూసి ఉండేవాడా? ఏమో. చూసి ఉండవచ్చు కూడా. ఈ లెక్క బల్లమీద చేసి చూపించే లెక్క కాదు.

నాలుగింటికి ముందే గ్రౌండు దగ్గర దిగాం. పిల్లలు నిద్రపోయి లేచిన ముఖాలతో వరుసలో నిలబడ్డారు. 1.6 కిలోమీటర్ల పరుగు. అయిదు నిమిషాల ముప్పై సెకన్లలోపు వస్తే 60 మార్కులు, ఒక్క సెకను దాటితే 48. తర్వాత బీములు, తొమ్మిది అడుగుల కాలువ దూకటం. మన పిల్లలలో పరుగు దాటినవాళ్ళు పదకొండుమంది, మెడికల్ కూడా దాటి చివరి జాబితాలో నిలిచినవారు ముగ్గురు. ముగ్గురే అని కొందరు పెదవి విరిచారు. ముగ్గురిలో ఒకడికి గోల్కొండ సెంటరే వచ్చింది. సెంటరులో చేరిన తర్వాత మొదటిసారి ఫోను ఇచ్చినప్పుడు వాళ్ళ అబ్బాజాన్‌తో మాట్లాడి, మాతో కూడా రెండు నిమిషాలు మాట్లాడాడు. అన్నం బాగుందట, జుట్టు మొత్తం తీసేశారట, చలిగా ఉందట. స్టేషనునుంచి ఎలా పోయావురా అని అడిగాం. లారీ వచ్చింది సార్ అన్నాడు. డ్రైవరు ఎలా ఉన్నాడని అడిగాం. చూడలేదు సార్ అన్నాడు.

ఈ మాట హవల్దార్ సాబుకు చెప్పాం. ఆయన నవ్వి, 'అంటే బాగా నడిపాడన్నమాట' అన్నారు.

పదకొండవ పద్దు గురించి మాకు తెలిసినది ఇంతే. రసీదు ఫైలులో ఉంది, కుర్రవాడి ఉర్దూ సంతకంతో. సభ్యులు దానిని ఆమోదిస్తారో, మా జీతంలోంచి కట్టమంటారో అది సభ ఇష్టం. కట్టమంటే కడతాం. కాని వచ్చే ర్యాలీకి కూడా బస్సు వేసేటట్లయితే, అదే పద్దు అదే చోట ఉండాలని, రేట్లు పెరిగినందున రూ. 2,000 చేయాలని కార్యవర్గానికి మా సవరణ ప్రతిపాదిస్తున్నాం. వచ్చే ర్యాలీకి దరఖాస్తు చేసిన పిల్లలు అసర్ నమాజు తర్వాత వరండాలో మా దగ్గర పేర్లు రాయించుకోవాలి. ఆధార్ కాగితం తెచ్చుకోండి.

హవల్దార్ సాబును ఈ సభకు పిలిచి శాలువా కప్పాలని కార్యదర్శిగారి కోరిక. పొద్దున్నే ఇంటికి వెళ్ళి అడిగాం. ఈ రాత్రికి ఒంగోలు పెళ్ళి బస్సు ఉందట. మధ్యాహ్నం పడుకోవాలి, రాలేనన్నారు.